కాఫీ గ్లాసులో కొలెస్ట్రాల్ ఎక్కడుంది?

మన స్టీలు ఫిల్టర్లో దిగిన కాఫీలో, కొలెస్ట్రాల్‌ను పెంచే కెఫెస్టాల్ అనే పదార్థం ఎంత ఉంటుందో 2011లో సింగపూర్ పరిశోధకులు కొలిచి చెప్పారు. కప్పుకు 0.05 మిల్లీగ్రాములు. ఇండోనేషియాలో పొడి మీద నేరుగా వేడినీళ్లు పోసి, వడగట్టకుండా తాగే కాఫీలో అదే పదార్థం 4.43 మిల్లీగ్రాములు తేలింది. రెండింటికీ తేడా దాదాపు తొంభై రెట్లు. కాఫీ తాగితే కొలెస్ట్రాల్ పెరుగుతుందా అని అడిగేవాళ్లకు ముందుగా చూపించాల్సినవి ఈ రెండు అంకెలే.

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువని కనబడగానే మన ఇళ్లలో మొదటి వేటు కాఫీ మీదే పడుతుంది. అందులో పోసిన చిక్కటి గేదె పాల ఊసు, పక్కన ప్లేటులో ఉన్న కారప్పూస ఊసు ఎవరూ ఎత్తరు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కాఫీ మానేశాను కదా అన్న ధీమాతో డాక్టరు రాసిన మాత్ర కూడా మానేసేవాళ్లున్నారు. అందుకే ఈ లెక్కను ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా వేసి చూడటం అవసరం అనిపిస్తుంది నాకు.

కాఫీ మీద అనుమానం మాత్రం ఊరికే పుట్టింది కాదు. నార్వే ఉత్తర భాగంలో, ఆర్కిటిక్ వలయం దాటాక ట్రోమ్సో అనే ఊరుంది. ఆ ప్రాంతంలో నడివయసు మగవాళ్లు గుండెపోటుతో ఎక్కువగా పోతుండటంతో 1974లో అక్కడ పెద్ద అధ్యయనం మొదలైంది. 1983లో డాగ్ థెలే బృందం 20 నుంచి 54 ఏళ్ల మధ్య వయసున్న 14,581 మంది వివరాలతో ఒక పత్రం వెలువరించింది. రోజుకు ఒక కప్పు కూడా తాగని మగవాళ్లలో మొత్తం కొలెస్ట్రాల్ సగటు మన రిపోర్టుల్లో చూసే పాయింట్ల లెక్కలో 215. తొమ్మిది కప్పులు దాటినవాళ్లలో 241. ఆడవాళ్లలోనూ ఇదే వరస. సిగరెట్లు, మద్యం, బరువు, వ్యాయామం అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చెరిగిపోలేదు.

చిక్కెక్కడ వచ్చిందంటే, వేరే దేశాల్లో చూస్తే ఈ సంబంధం ఒకచోట కనబడేది, ఇంకోచోట కనబడేది కాదు. తాగే మనుషుల్లో తేడా ఉందా, గింజలో ఉందా అని తర్జనభర్జన పడ్డారు. తేడా కాచే తీరులో ఉంది. ఉత్తర నార్వేలో అప్పట్లో ముతకగా దంచిన పొడిని కెటిల్లో నీళ్లతో కలిపి మరిగించి, మడ్డి అడుగున పేరుకున్నాక పైనున్నది వంచుకుని తాగేవారు. 1985లో అదే ట్రోమ్సోలో కొలెస్ట్రాల్ ఎక్కువున్న 33 మంది మగవాళ్లతో కొన్ని వారాలు కాఫీ మాన్పించి చూశారు. కొలెస్ట్రాల్ తగ్గింది. తర్వాత కొందరికి మరిగించిన కాఫీ, కొందరికి కాగితం వడపోతలో దిగిన కాఫీ ఇచ్చారు. మరిగించినది తాగినవాళ్లకే మళ్లీ పెరిగింది.

తర్వాతి పని నెదర్లాండ్స్ వాళ్లు పూర్తి చేశారు. 1989లో 107 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకులతో చేసిన ప్రయోగంలో రోజుకు 4 నుంచి 6 కప్పుల మరిగించిన కాఫీ తాగినవాళ్లకు, అసలు తాగనివాళ్లతో పోలిస్తే, కొలెస్ట్రాల్ దాదాపు 19 పాయింట్లు పెరిగింది. కాగితం వడపోత కాఫీ తాగినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 1990లో మార్టిన్ కటాన్ బృందం మరిగించిన కాఫీ మీద తేలే నూనెను వేరుచేసి, రోజుకు గ్రామున్నర లోపే, పది మందికి ఆరు వారాలు ఇచ్చింది. పది మందిలో ఒక్కరు కూడా తప్పించుకోలేదు. సగటున 23 శాతం పెరిగింది. 1991లో అదే మరిగించిన కాఫీని కాగితంలో వడగట్టి ఇచ్చి చూస్తే ఆ ప్రభావం మాయమైంది. దొంగ కెఫీన్ కాదు, నూనె. ఆ నూనెలో ఉన్న కెఫెస్టాలే అసలు కారణమని 1994 నాటికి, దాని తోబుట్టువు కావియోల్‌ది చిన్న పాత్ర అని ఆ తర్వాత తేలింది.

ఈ కెఫెస్టాల్ చేసే పని తెలిస్తే అంకెలు అర్థమవుతాయి. మన ఒంట్లో మిగులు కొలెస్ట్రాల్‌ను వదిలించుకునే ప్రధాన మార్గం కాలేయమే. అది కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి పేగులోకి పంపుతుంది. పేగులో ఆ ఆమ్లాలు చాలినంత ఉన్నాయో లేదో చూసే గ్రాహకం ఒకటుంది. కెఫెస్టాల్ వెళ్లి ఆ గ్రాహకాన్ని తట్టి లేపుతుందని 2007లో అమెరికాలోని హ్యూస్టన్ పరిశోధకులు చూపించారు. ఆమ్లాలు సరిపడా ఉన్నాయన్న కబురు కాలేయానికి చేరుతుంది. అది తయారీ తగ్గిస్తుంది. ఖర్చు కావాల్సిన కొలెస్ట్రాల్ ఒంట్లోనే నిలిచిపోతుంది. అంటే కాఫీలో కొలెస్ట్రాల్ లేదు. మన కొలెస్ట్రాల్ బయటకు వెళ్లే దారిని కాఫీ నూనె సన్నం చేస్తోంది.

కటాన్ బృందం వేసిన లెక్క ప్రకారం రోజుకు 10 మిల్లీగ్రాముల కెఫెస్టాల్ లోపలికి వెళితే మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 5 పాయింట్లు పెరుగుతుంది. ఇదొక్కటి గుర్తుంటే చాలు, ఏ కాఫీకైనా లెక్క కట్టుకోవచ్చు. మరిగించిన కాఫీ, టర్కిష్ కాఫీ, జాలీని కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ కాఫీల్లో కప్పుకు సుమారు 3 నుంచి 6 మిల్లీగ్రాములు. ఎస్‌ప్రెసోలో 1 నుంచి 2. కాగితం వడపోత కాఫీలో, ఇన్‌స్టంట్ కాఫీలో 0.2 లోపే. ఎస్‌ప్రెసో కప్పు చిన్నది కాబట్టి తక్కువనిపిస్తుంది కానీ కప్పుల సంఖ్య పెరిగితే అదీ లెక్కకొస్తుంది. 2022లో మళ్లీ ట్రోమ్సో నుంచే 21,083 మంది వివరాలతో వచ్చిన పత్రంలో రోజుకు 3 నుంచి 5 ఎస్‌ప్రెసోలు తాగే మగవాళ్లకు కొలెస్ట్రాల్ 6 పాయింట్లు, ఆడవాళ్లకు 3 పాయింట్లు ఎక్కువగా కనిపించింది.

గింజ రకం ప్రభావం కూడా కొంత ఉంటుంది. అరకు లోయలో పండే అరబికాలో కెఫెస్టాల్, కావియోల్ రెండూ ఉంటాయి. రోబస్టాలో కెఫెస్టాల్ దాదాపు సగమే, కావియోల్ నామమాత్రం. చికోరీలో ఈ రెండూ ఉండవు, కెఫీన్ కూడా ఉండదు. మన నిబంధనల ప్రకారం చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అయితే ఎలా వడగట్టారన్నదాని ముందు ఇవన్నీ చిన్న తేడాలే.

మరి మన ఫిల్టర్‌లో కాగితం లేదు. చిల్లుల స్టీలు పళ్లెమే. అయినా 0.05 మాత్రమే ఎలా వచ్చింది? ఫిల్టర్ పని చేసే తీరు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పై గిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్లతో మెత్తగా అదిమి, పైన మరిగే నీళ్లు పోసి మూత పెడతాం. నీళ్లు ఆ పొడి పొరలోంచి దారి వెతుక్కుంటూ బొట్టు బొట్టుగా కిందికి దిగాలి. ఒక్కోసారి డికాక్షన్ దిగడానికి అరగంట పడుతుంది. కాగితం వడపోత మీద జరిపిన ఒక పరీక్షలో కెఫెస్టాల్‌లో 87 శాతం పైగా పిప్పిలోనే ఉండిపోయిందనీ, కాగితం పట్టుకున్నది 12 శాతమేననీ తేలింది. ఎక్కువ భాగం వడపోసేది పొడి పొరే. మన ఫిల్టర్‌లోనూ సన్నటి పొడి, అదుము, నెమ్మది కలిసి అదే పని చేస్తున్నాయని అనుకోవచ్చు. సింగపూర్‌లో గుడ్డ సంచిలో వడగట్టే కాఫీలోనూ 0.09 మాత్రమే వచ్చింది. పొడిని గిన్నెలో మరిగించి, తెల్ల గుడ్డలో వడగట్టే అలవాటు మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. గుడ్డ ఎంత దట్టంగా ఉంటే అంత మేలు. అదే కాఫీని టీ వడగట్టే జాలీలో పోసి తాగితే సన్న పొడితో పాటు నూనె కూడా గ్లాసులోకి వస్తుంది. ఇండోనేషియాలో గుడ్డ సంచి కాఫీలోనూ 0.85 వచ్చిందంటే అక్కడ వడగట్టే తీరు వేరై ఉండవచ్చు.

ఒక మాట దాచకూడదు. ఆ 2011 సింగపూర్ అధ్యయనంలో మూడు దేశాల నుంచి కలిపి తీసుకున్నవి 27 నమూనాలే. మన కాఫీ మీద ఇంతకన్నా పెద్ద కొలత కావాలి. కానీ అదే పత్రంలో సింగపూర్‌లోని 3,000 మంది చైనీయులు, మలయులు, భారతీయుల రక్తపరీక్షలూ ఉన్నాయి. రోజుకు మూడు కప్పులు దాటినవాళ్లకు, దాదాపు తాగనివాళ్లకు ఎల్‌డీఎల్‌లో తేడా 2 పాయింట్లే. అది యాదృచ్ఛికంగా కూడా రాగలిగినంత చిన్న తేడా.

ఇంటి ఫిల్టర్ కన్నా ఆఫీసు యంత్రం గురించి ఆలోచించాల్సి ఉంది. 2025లో స్వీడన్ పరిశోధకులు ఉద్యోగులు వాడే 14 కాఫీ యంత్రాలను పరీక్షించారు. గింజలను అప్పటికప్పుడు మరపట్టి లోహపు జాలీ గుండా కాఫీ దించే యంత్రాల్లో కెఫెస్టాల్ కాగితం వడపోత కన్నా దాదాపు 15 రెట్లు ఉంది. మరిగించిన కాఫీలో 80 రెట్లు. ఆ కొలతలు పైన చెప్పిన పాత కొలతలతో నేరుగా పోల్చేవి కావు కాబట్టి రెట్లు మాత్రమే చెబుతున్నాను. వారానికి ఐదు రోజులు, రోజుకు మూడు కప్పుల యంత్రం కాఫీ మాని కాగితం వడపోతకు మారితే ఎల్‌డీఎల్ 22 పాయింట్ల వరకు తగ్గవచ్చని వాళ్ల అంచనా. హైదరాబాద్ ఐటీ కారిడార్లో ఇలాంటి యంత్రాలు అంతస్తుకొకటి ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ల వంటింట్లో ఫ్రెంచ్ ప్రెస్ కనబడటం మామూలే. వీళ్లు మాత్రం తమ కప్పుల లెక్క చూసుకోవాలి. బటన్ నొక్కితే పాలపొడి, చక్కెరతో కలిసి వచ్చే ప్రీమిక్స్ యంత్రాల్లో ఉండేది ఇన్‌స్టంట్ కాఫీ. అక్కడ కెఫెస్టాల్ గొడవ లేదు, చక్కెర గొడవ ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫిల్టర్ కాఫీ రోజుకు నాలుగు గ్లాసులు తాగితే లోపలికి వెళ్లే కెఫెస్టాల్ 0.2 మిల్లీగ్రాములు. కటాన్ లెక్కన పెరిగే కొలెస్ట్రాల్ 0.1 పాయింటు. ఏ ల్యాబూ దాన్ని పట్టుకోలేదు. అదే నాలుగు గ్లాసుల్లో గ్లాసుకు 100 మిల్లీలీటర్ల చొప్పున పోసిన పాల లెక్క చూడండి. ఫుల్ క్రీమ్ పాకెట్‌లో కొవ్వు 6 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. పాల కొవ్వులో అరవై శాతం పైగా సంతృప్త కొవ్వే, ఎల్‌డీఎల్‌ను పెంచే రకం. ఫుల్ క్రీమ్ పాలతో నాలుగు గ్లాసులంటే సుమారు 15 గ్రాముల సంతృప్త కొవ్వు. టోన్డ్ పాలతో ఏడున్నర. డబుల్ టోన్డ్‌తో నాలుగు గ్రాముల లోపు. రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 22 గ్రాములు. అంటే నెయ్యి ముట్టకముందే, పెరుగు కలపకముందే, ఫుల్ క్రీమ్ కాఫీ పాలతోనే హద్దులో మూడింట రెండొంతులు అయిపోయింది. ఇంటికి తెచ్చి పోసే గేదె పాలైతే కొవ్వు 7 శాతం కూడా ఉంటుంది.

ఫుల్ క్రీమ్ నుంచి డబుల్ టోన్డ్‌కు మారితే రోజుకు 11 గ్రాముల సంతృప్త కొవ్వు తగ్గుతుంది. అది మొత్తం క్యాలరీల్లో 5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 2016లో క్రోడీకరించిన లెక్కల ప్రకారం ఆ క్యాలరీలు పిండిపదార్థాల రూపంలో తిరిగొస్తే ఎల్‌డీఎల్ 6 పాయింట్లు, పొద్దుతిరుగుడు, సోయా వంటి నూనెల రూపంలో వస్తే 10 పాయింట్లు తగ్గే అవకాశం ఉంది. వెన్న రూపంలో తిన్న కొవ్వు కన్నా పాల రూపంలో తాగిన కొవ్వు ప్రభావం కాస్త తక్కువ కావచ్చు, అంచేత దీన్ని పై హద్దుగా తీసుకోండి. అయినా ఒక పక్క 0.1, ఇంకో పక్క 6 నుంచి 10. మన ఇళ్లలో కాఫీ గురించి జరిగే వాదనంతా తప్పు గిన్నె చుట్టూ జరుగుతోంది.

చక్కెర లెక్క ఇంకా ఘాటైనది. గ్లాసుకు రెండు చెంచాలు, అంటే సుమారు 10 గ్రాములు. నాలుగు గ్లాసులకు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదనీ, 50 దాటనే కూడదనీ అంటోంది. చక్కెర ఎల్‌డీఎల్ కన్నా ట్రైగ్లిజరైడ్లనే మరో రకం కొవ్వు మీద ఎక్కువ దెబ్బ కొడుతుంది. భారతీయుల్లో ఎల్‌డీఎల్ కన్నా ఎక్కువ మందిలో తేడా కనబడేది ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ దగ్గరే. 2014లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనంలో, తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్ నుంచి తీసుకున్న నమూనాల్లో, మంచి కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లు 72.3 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు 29.5 శాతం. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు 11.8 శాతమే. తియ్యటి కాఫీ ఈ జాబితాలో మొదటి రెండింటి పక్కనే నిలబడుతుంది. పంచదార మాని బెల్లం వేసుకున్నా ఈ లెక్క మారదు.

సరే, కొలెస్ట్రాల్ ఒక అంకె. గుండె సంగతేమిటి? 2014లో 36 అధ్యయనాలను, 12 లక్షల 80 వేల మంది వివరాలను కలిపి చూస్తే, కాఫీ చాలా తక్కువ తాగేవాళ్లతో పోలిస్తే రోజుకు మూడున్నర కప్పులు తాగేవాళ్లలో గుండె జబ్బుల ముప్పు 15 శాతం తక్కువగా కనిపించింది. ఐదు కప్పుల దగ్గర ఆ తేడా 5 శాతానికి పడిపోయింది. 2020లో నార్వే నుంచి ఇంకో పెద్ద లెక్క వచ్చింది, 5,08,747 మందిని సగటున 20 ఏళ్లు వెంబడించి వేసినది. రచయితల్లో 1983 నాటి డాగ్ థెలే కూడా ఉన్నారు. వడగట్టిన కాఫీ తాగేవాళ్లలో, అసలు తాగనివాళ్లకన్నా, మొత్తం మరణాలు 15 శాతం తక్కువ. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు మగవాళ్లలో 12 శాతం, ఆడవాళ్లలో 20 శాతం తక్కువ. రోజుకు 1 నుంచి 4 కప్పుల వడపోత కాఫీ తాగేవాళ్లు అందరికన్నా మెరుగ్గా ఉన్నారు. వడగట్టని కాఫీ తొమ్మిది కప్పులు దాటినవాళ్లకు ఆ లాభం లేదు. అంతకు 37 ఏళ్ల ముందు ఒక అనుమానం లేవనెత్తిన మనిషి, దాని జవాబు దొరికేదాకా వదలకపోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

ఇవి పరిశీలనలే, కార్యకారణ రుజువులు కావు. ఒంట్లో బాగోలేనివాళ్లు ముందే కాఫీ తగ్గించి ఉండవచ్చు, దాంతో తాగేవాళ్లు ఆరోగ్యవంతుల్లా కనబడవచ్చు. కాబట్టి గుండె కోసమని కాఫీ కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. రెండు మూడు కప్పులకు భయపడాల్సిన పనీ లేదు.

గుండె దడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2023లో వచ్చిన ఒక ప్రయోగంలో 100 మందికి రెండు వారాల పాటు ఒకరోజు కాఫీ తాగమని, మరోరోజు మానమని సందేశాలు పంపుతూ ఛాతీ మీద పరికరం పెట్టి గమనించారు. గుండె పై గదుల్లో పుట్టే అదనపు స్పందనలు పెద్దగా పెరగలేదు. కింది గదుల్లో పుట్టేవి మాత్రం రోజుకు 102 నుంచి 154కు పెరిగాయి. కాఫీ తాగిన రోజున వెయ్యి అడుగులు ఎక్కువ నడిచారు, 36 నిమిషాలు తక్కువ నిద్రపోయారు. నడకతో వచ్చినది నిద్రతో పోయినట్టే. రాత్రి ఎనిమిదింటికి కాఫీ తాగే అలవాటున్నవాళ్లు ఈ 36 నిమిషాల గురించి తప్పక ఆలోచించాలి.

రక్తపోటు ఉన్నవాళ్ల లెక్క వేరు. ఒకేసారి 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ పడితే రక్తపోటు పై అంకె 8, కింది అంకె 6 దాకా పెరిగి మూడు గంటలు నిలుస్తుంది. రోజూ తాగేవాళ్లకు ఒళ్లు కొంత అలవాటుపడుతుంది. జపాన్‌లో 18,609 మందిని దాదాపు 19 ఏళ్లు గమనిస్తే, రక్తపోటు 160/100 దాటి ఉన్నవాళ్లు రోజుకు రెండు లేదా అంతకన్నా ఎక్కువ కప్పుల కాఫీ తాగినప్పుడు గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు రెండింతలు కనిపించింది. గ్రీన్ టీతో అలా లేదు. బీపీ అదుపులో లేనివాళ్లు ఈ ఒక్క అంకె చూసి కాఫీ తగ్గించుకోవడం సబబే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దంది. 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటుందని లెక్క ఇచ్చింది. అంటే డికాక్షన్ కాఫీ మూడు, మధ్యాహ్నం ఆఫీసులో రెండు టీలు కలిస్తే హద్దు చేరినట్టే, చాలాసార్లు దాటినట్టే. భోజనానికి ముందూ వెనకా గంట పాటు కాఫీ, టీలు వద్దన్న సలహా కూడా అందులో ఉంది. అది గుండె కోసం కాదు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం కోసం. రక్తహీనత ఇంతగా ఉన్న మన ఆడపిల్లలకు ఆ సలహా కొలెస్ట్రాల్ కబుర్లన్నిటికన్నా ముఖ్యం.

ఆఫీసు యంత్రం కాఫీ, ఫ్రెంచ్ ప్రెస్ కాఫీ రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవాళ్లు ఎల్‌డీఎల్ ఎక్కువని తేలితే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ప్రయోగాల్లో ఈ ప్రభావం కొన్ని వారాల్లోనే కనబడింది, మానేస్తే వారాల్లోనే తగ్గింది. మిగతా తిండీ, మందులూ మార్చకుండా ఆరు వారాలు కాగితం వడపోతకో ఇన్‌స్టంట్‌కో మారి, అదే ల్యాబులో మళ్లీ రక్తం ఇవ్వండి. ఇంటి ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లు డికాక్షన్‌ను అలాగే ఉంచి, మూడు నెలలు పాల పాకెట్ మార్చి, చక్కెర చెంచా ఒకటి తగ్గించి చూడండి. ఎల్‌డీఎల్ పక్కన ట్రైగ్లిజరైడ్ల అంకె కూడా చూసుకోండి. ఈ లోపు డాక్టరు రాసిన, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఉంటే అది మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఎల్‌డీఎల్ 39 పాయింట్లు తగ్గిస్తే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ముప్పులు ఐదో వంతుకు పైగా తగ్గుతాయని స్టాటిన్ ప్రయోగాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. కాఫీలో ఏ మార్పు చేసినా అంత తేడా రాదు.